రంగు చెప్పే టివా

కుమాసీలోని టాఫో పేటలో పెళ్లి కుదిరిన పిల్ల ముందు బట్టల కొట్టుకు వెళ్లేది కాదు, టివా దగ్గరికి వెళ్లేది. జుట్టు రంగు తేలితే గానీ బట్ట రంగు తేలదని మా ఆడవాళ్ల నమ్మకం. పదిహేనేళ్ల పాటు ఒక్కో తలా చక్కబెడుతూ ఆ నమ్మకాన్ని కలిగించింది టివాయే.

ఆవిడ సెలూన్ అంటే రోడ్డు పక్కన నీలం పూసిన ఇనుప కంటైనర్. లోపల రెండు కుర్చీలు, ఒక నిలువుటద్దం, ఎప్పుడూ మోగుతూ ఉండే రేడియో. భాగస్వామి పేరు దుఫియే, సన్నజడలు అల్లుతుంది. ఆమె వేళ్లంత చురుకైనవి ఆ వీధిలో లేవు. కానీ ఎవరికి ఏ రంగు నప్పుతుందో చెప్పడం మాత్రం టివా పని. దుఫియే అందులో వేలు పెట్టేది కాదు.

వచ్చిన మనిషిని టివా ముందు కుర్చీలో కూర్చోబెట్టేది కాదు. గుమ్మం బయట ఎండలో నిలబెట్టేది. చెవి వెనక చర్మం, అరచేయి, కింది పెదవి లోపలి వైపు, ఈ మూడూ చూసేది.

"మొహం చూడవేంటక్కా?" అని అడిగేవాళ్లు కొత్తవాళ్లు.

"మొహం మీదున్నది ఎండ పూసిన రంగమ్మా. నీ రంగు ఇక్కడ దాక్కుంది," అని చెవి మెలిపెట్టేది.

డై పెట్టెల మీదా, సవరాల ప్యాకెట్ల మీదా కంపెనీవాళ్లు అంకెలు వేస్తారు. టివా వాటికి తన పేర్లు పెట్టుకుంది. వేరుశనగ పొర, సంతలో నమలడానికి అమ్మే కోలా గింజ, తడి ఎర్రమట్టి, కాల్చిన మొక్కజొన్న. ఆ పేర్లు వీధిలో అందరికీ అలవాటైపోయాయి. చర్చిలో పక్కపక్కన కూర్చున్న ఆడవాళ్లు "నీది కోలా గింజేనా? నాకు ఎర్రమట్టి చెప్పింది," అని గుసగుసలాడుకునేవాళ్లు.

వద్దన్నదంటే వద్దన్నట్టే. ఒకసారి చేపలమ్మే ఆచియా వచ్చి బంగారు రంగు కావాలని కూర్చుంది.

"టీవీలో ఆ పిల్లకుంది చూడు, అలాగ పెట్టు."

"ఆ పిల్లకి బావుంది. నీకు పెడితే నీ మొహం పొయ్యిలో బూడిదలా ఉంటుంది. తర్వాత మీ ఆయనొచ్చి నామీద పడతాడు."

"నా డబ్బులు నావి కదా!"

"నీ డబ్బులు నీవే. నీ తల మాత్రం ఊరంతా తిరుగుతుంది. ఎవరు చేశారంటే నా పేరే చెప్తావు. లే, బయటికి నడు, నీ చెవి చూడాలి."

ఆచియా తిట్టుకుంటూ లేచి, ఎర్రమట్టి రంగుతో నవ్వుకుంటూ వెళ్లింది. ఆ మర్నాడు ఆమె తట్టలో చేపలు మధ్యాహ్నానికే అయిపోయాయట. టివా చలవేనని పది మందికి చెప్పుకుంది.

మొగుడు పోయి ఏడాది పాటు నల్లబట్టల్లో గడిపిన ఒక టీచరమ్మ కూడా వచ్చింది. గొరిగించుకున్న తల మీద జుట్టు నెరిసి, అక్కడక్కడ పొదల్లా మొలిచింది. నల్లరంగు వేసేయమంది. టివా వేయలేదు. అరచేయి చాలాసేపు పట్టుకుని చూసి కోలా గింజ రంగు కలిపింది. అంతా అయ్యాక టీచరమ్మ అద్దంలో చూసుకుని, చాలాకాలానికి కలిసిన మనిషిని చూసినట్టు తన బుగ్గ తనే తాకి చూసుకుని, కళ్ల నీళ్లు పెట్టుకుంది. ఇలాంటివి చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది.

టివాకు అంతకు మించి ఏమీ లేదు. పుట్టింది మాంపోంగ్‌లో, కందగడ్డలమ్మే ఇంట. పదిహేడో ఏట పనిలో చేరి, మూడేళ్లు ఒక సెలూన్ మేడమ్ దగ్గర తలలు కడిగి, పట్టా పుచ్చుకుంది. ఆన్సా అనే లారీ డ్రైవర్‌ను చేసుకుంది. పిల్లలు కలగలేదు. పెళ్లయిన ఆరో ఏట అతను ఒబువాసీలో ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. మొదట్లో నెలకోసారి, తర్వాత పండక్కోసారి వచ్చాడు, ఆ తర్వాత రావడమే మానేశాడు. గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, గోడకు ఆ పట్టా మిగిలాయి. పొద్దున్నే తాళం వేసి కంటైనర్‌కు వచ్చేస్తే, ఆ గదిలో తనకు ఏమీ లేదన్న సంగతి సాయంత్రం దాకా గుర్తొచ్చేది కాదు.

ఇరవై తొమ్మిదో ఏట ఆవిడకు క్షయ వచ్చింది. మందులు మొదలుపెట్టిన మూడు నెలలకు ఒళ్లు తేలికపడింది కదా అని మానేసింది. నలభై ఒకటో ఏట ఆ దగ్గే మళ్లీ వచ్చింది, ఈసారి నెత్తుటితో.

టాఫోలో తెలిస్తే కొంప మునుగుతుంది. దగ్గే మనిషి తల మీదకి వంగితే ఎవరు ఒప్పుకుంటారు? మాంపోంగ్‌లో మేనత్త పోయిందని, కర్మకాండలున్నాయని దుఫియేకు చెప్పి నెల రోజులు సెలూన్‌కు రాలేదు. ట్రోట్రో వ్యాన్ ఎక్కి, తనను ఎరిగినవాళ్లు ఉండరని, ఎజుసూలోని ఆసుపత్రికి వెళ్లింది. అక్కడ నర్సమ్మ మాత్రలన్నీ బల్ల మీద పేర్చి చెప్పింది.

"రెండోసారి కాబట్టి ఈసారి ఎనిమిది నెలలు వేసుకోవాలి. మధ్యలో మానేశావంటే ఇక నీకు మందులే పనిచెయ్యవు. ఇదుగో, ఈ మాత్ర చూడు. దీంతో కొందరికి కళ్లు మసకబారతాయి. రంగులు తేడాగా కనిపిస్తాయి. అలా అనిపిస్తే ఆ రోజే ఇక్కడికి రా. రేపొస్తాననుకోకు."

"రంగులు తేడాగా కనిపించడం నాకా?" అని టివా నవ్వింది. తన పనేమిటో మాత్రం చెప్పలేదు. ఊరు కాని ఊళ్లో పేరుతో పాటు పని కూడా దాచింది.

నెల తర్వాత, ఇక అంటదని నర్సమ్మ చెప్పాక, తిరిగొచ్చి కంటైనర్ తలుపు తీసింది. చిక్కిపోయావేంటని దుఫియే అడిగితే అల్సర్ అంది.

అయిదో నెలలో ఒకరోజు కూరకు మిరపకాయలు కొనబోయింది. ఎర్రవి ఏరుకుని కుప్ప చేసి అమ్మే ఆమె ముందు పెట్టింది.

"ఏంటక్కా, సగం పచ్చివే ఏరావు? పచ్చివి కావాలంటే పచ్చివే అడగొచ్చుగా, ఇంకా తక్కువకిద్దును," అందామె.

టివా కాయ ఎత్తి కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. ఎరుపూ పచ్చా కాని ఒక మట్టి రంగు. ఇంకోటి తీసింది. అదీ అంతే. "పొగలే," అని కళ్లు తుడుచుకుని కుప్ప మొత్తం కొనేసింది. అక్కడ పొగ లేదు.

ఆ మర్నాడు సెలూన్‌లో సవరాల ప్యాకెట్లు వరసగా పరిచి చూసుకుంది. నలుపు నలుపులాగే ఉంది. వేరుశనగ పొర, కోలా గింజ, ఎర్రమట్టి, ఈ మూడూ ఒకే ఇంటి పిల్లల్లా బురద పూసుకుని కూర్చున్నాయి. నర్సమ్మ మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది.

అయినా ఆ రోజు వెళ్లలేదు, నెల మాత్రలకు వెళ్లినప్పుడూ కళ్ల మాటెత్తలేదు. ఎందుకు చెప్పలేదని తర్వాత చాలామంది అడిగారు. చెబితే ఆ మాత్ర ఆపేస్తారు. ఆపితే జబ్బు తిరగబెడుతుంది, ఇంతకు ముందు ఆపినందుకే కదా మళ్లీ వచ్చింది! ఆవిడకు తెలిసిన వైద్యం అంతే. ఒక మాత్ర ఆపి ఇంకోటి ఇవ్వచ్చని ఎవరూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు. దానికి తోడు, నోరు తెరిచి చెప్పేస్తే అది నిజమైపోతుందన్న భయం ఒకటి. చెప్పనంత కాలం అది పొగే, హర్మట్టాన్ గాలి తెచ్చిన దుమ్మే, నిద్ర చాలకపోవడమే.

పైగా కొన్నాళ్లు నెట్టుకురావడం సాధ్యమే అయింది. పెట్టెల మీద అంకెలున్నాయి. పాత ఖాతాదారుల తలలన్నీ జ్ఞాపకమే. ఎవరికి ఏ అంకె పెట్టిందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. కొత్తవాళ్లొస్తే గుమ్మం బయట నిలబెట్టి చెవి మెలిపెట్టి, చూసినట్టు నటించి, "దుఫియే, నువ్వేమంటావే?" అని అడగసాగింది.

దుఫియే మొదట పొంగిపోయింది. ఇన్నేళ్లకు తన మాటకూ విలువొచ్చిందనుకుంది. నాలుగైదు సార్లయ్యాక మాత్రం అనుమానమొచ్చింది.

"ఏమే, పదిహేనేళ్లు నా మాట వినని దానివి, ఇప్పుడు నన్నెందుకడుగుతున్నావు?"

"నువ్వూ నేర్చుకోవాలి కదే. నేను రేపు చస్తే?"

"చావు మాటలెందుకు పొద్దున్నే," అని దుఫియే ఊరుకుంది.

జనవరిలో న్యార్కోవా వచ్చింది. ఫోసువా గారి ఒక్కగానొక్క కూతురు. బ్యాంకులో పనిచేస్తుంది. శనివారం పెళ్లి, ఆ రోజు గురువారం. తల్లి జుట్టుకూ టివాయే రంగు చెప్పింది, పిన్ని జుట్టుకూ టివాయే. ఆ పిల్లది సొంత జుట్టే నడుం దాకా ఉంది. పన్నెండేళ్లుగా సవరం పెట్టకుండా పెంచుకున్నది.

"అక్కా, నాకు నువ్వు చెప్పిందే రంగు. నేనేం అడగను. శనివారం అందరూ నన్నే చూడాలి, అంతే," అంది కుర్చీలో కూర్చుంటూ.

దుఫియే సవరాలు తేవడానికి కెజెటియా సంతకు వెళ్లింది. దుఫియే వచ్చేదాకా ఆగుదామన్న మాట టివా నోటిదాకా వచ్చింది. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? గుమ్మం బయట నిలబెట్టి చెవి వెనక చూసింది. అరచేయి చూసింది. అవి ఏ రంగులో ఉన్నాయో ఆవిడకు తెలియలేదు. తల్లి చర్మాన్ని తలుచుకుని, తల్లి పోలికే కదా అనుకుని, "వేరుశనగ పొర," అంది.

అంత నల్లటి జుట్టు మీద ఆ రంగు పట్టాలంటే ముందు బ్లీచ్ పెట్టాలి. అసలు నేర్పంతా అక్కడే ఉంది. నలుపు విరిగి ఎరుపవుతుంది, ఎరుపు విరిగి నారింజవుతుంది. సరిగ్గా ఆ నారింజ దగ్గర కడిగేయాలి. దాటితే వెంట్రుకలో పస పోతుంది. టివా ఏనాడూ గడియారం చూసి ఎరగదు. కళ్లతో చూసి కడిగేది.

ఆ రోజు పాయ ఎత్తి చూసింది. మట్టి రంగు. కాసేపాగి చూసింది. మట్టి రంగే. ఇంకా ఎరుపు దాటలేదేమో అనుకుంది. పలచబడిందా లేదా అని కళ్లు చికిలించింది, ఆ మసకలో తేలలేదు.

"అక్కా, మండుతోంది."

"కొంచెం ఓర్చుకో తల్లీ. రంగు తిరగాలి."

"బాగా మండుతోందక్కా."

"పెళ్లికూతురివి, ఇంతకే ఏడిస్తే ఎలాగ?" అంది టివా. ఆ మాట అన్నందుకు తర్వాత ఎన్నోసార్లు నాలుక కోసుకోవాలనిపించింది ఆవిడకు.

అప్పుడే దుఫియే సంచులతో లోపలికొచ్చింది. కుర్చీ వైపు చూసి సంచులు అక్కడే పడేసింది.

"ఏం చేస్తున్నావే! తెల్లగా పాలిపోయింది కనపడట్లేదా? కడుగు! ముందు కడుగు!"

ఇద్దరూ కలిసి ఆ పిల్ల తలను తొట్టి మీదకి వంచి నీళ్లు గుమ్మరించారు. నీళ్లతో పాటు జుట్టూ వచ్చేసింది. టివా వేళ్ల మధ్య గుప్పెడు, తడిసిన నూలుపోగులా, పట్టుకుంటే సాగి తెగిపోతూ. నెత్తి మీద నాలుగు చోట్ల చర్మం కమిలింది. న్యార్కోవా తల పైకెత్తి అద్దంలో చూసుకుంది. అరవలేదు. "అమ్మని పిలవండి," అంది, చిన్నపిల్ల గొంతుతో.

ఫోసువా గారొచ్చి కూతురి తలకు గుడ్డ చుట్టి తీసుకుపోయింది. టివా వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

వాళ్లు వెళ్లాక దుఫియే తలుపు మూసింది. రెండు ప్యాకెట్లు తీసి, అంకెల మీద బొటనవేళ్లు అడ్డంపెట్టి పట్టుకుంది.

"ఏది కోలా గింజ, ఏది ఎర్రమట్టి?"

టివా రెండింటినీ మార్చి మార్చి చూసింది.

"అడుగుతున్నాను కదా, చెప్పవే."

"కుడిచేతిదా?" అంది టివా.

"రెండూ ఒకటేనే!" అని దుఫియే అరిచి, ప్యాకెట్లు నేలకేసి కొట్టి, గోడకు జారబడి ఏడ్చింది. "రెండూ ఒకటే. నువ్వు గుడ్డిదానివై ఎన్నాళ్లయిందే?"

అప్పుడు చెప్పింది టివా, దగ్గూ ఎజుసూ మాత్రలూ అన్నీ. దుఫియే వింటూ కొంచెం వెనక్కి జరిగింది. తెలియకుండానే జరిగి ఉంటుంది. టివా చూసింది.

మర్నాడు పొద్దున్నే టివా ఎజుసూ వెళ్లింది. నర్సమ్మ మాట విన్న వెంటనే ఆ మాత్ర ఆపించి, కళ్ల డాక్టర్ దగ్గరికి పంపింది. అతను రంగురంగుల చుక్కల బొమ్మలున్న పుస్తకం తెరిచి, ఏ అంకె కనిపిస్తోందని అడిగాడు. మొదటి పేజీలో అంకె చెప్పింది. తర్వాతి పేజీలన్నింటిలో చుక్కలే.

"ఎన్నాళ్లుగా ఇలా ఉంది?"

"మూడు నెలలు డాక్టరు గారూ."

అతను కలం పక్కన పెట్టాడు. "మొదటి వారంలో వస్తే చాలామందికి తిరిగొస్తుందమ్మా. ఇప్పుడు చెప్పలేను. ఆర్నెల్లు చూద్దాం. ఏడాది చూద్దాం. మీరేం పని చేస్తారు?"

"వంట చేస్తాను," అంది టివా.

నర్సమ్మ వేరే మాత్ర రాసిచ్చింది. ఒకటి ఆపితే ఇంకోటి ఉందని టివాకు అప్పుడే తెలిసింది. ఆ చీటీ పట్టుకుని ఆసుపత్రి అరుగు మీద చాలాసేపు కూర్చుంది. ట్రోట్రోకు జనాన్ని పిల్చేవాడు రెండుసార్లు అరిచి, ఈమె లేచేలా లేదని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే ఫోసువా గారింటికి వెళ్లింది. వాకిట్లో షామియానా కట్టి ఉంది, వంటలకు కందగడ్డలు కుప్ప పోసి ఉన్నాయి. ఎవరూ కూర్చోమనలేదు. న్యార్కోవా తలగుడ్డతో బయటికొచ్చింది.

"విగ్గు తెచ్చారక్కా," అంది. "మా పిన్ని తెచ్చింది. బానే ఉందంటున్నారు."

టివా ఆమె కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. కళ్ల సంగతి చెప్పింది. జబ్బు పేరు కూడా చెప్పేసింది. ఇక దాచడానికేముంది?

న్యార్కోవా అంతా విని, "ఒక్క మాట చెప్తే సరిపోయేది కదక్కా. నాకు కనపడట్లేదే, దుఫియే వచ్చాక చేయించుకో అంటే, నేను కాదంటానా? కూర్చునేదాన్ని కదా," అంది. గొంతులో కోపం లేదు. కోపమున్నా కొంత నయంగా ఉండేది.

ఫోసువా గారు లోపల్నించే, "దాన్ని పంపించేయ్. వాకిట్లో దగ్గనివ్వకు," అంది.

పెళ్లి జరిగింది. విగ్గు గోధుమ రంగుదట, ఆ పిల్లకు అసలు నప్పలేదట. ఆచియా చూసొచ్చి చెప్పింది. ఓదార్పుగా చెప్పాననుకుంది పాపం.

వారం తిరక్కుండా టాఫో అంతటికీ తెలిసింది. ఒకరు కళ్లన్నారు, ఒకరు క్షయన్నారు, ఇంకొకరు రెండూ కలిపి వేరే జబ్బు పేరు చెప్పుకున్నారు. కొందరు తల కడుక్కోవాలన్నా దుఫియే ఉందా అని గుమ్మం దగ్గరే అడిగి, లేకపోతే వెళ్లిపోయేవాళ్లు. దుఫియే చెడ్డది కాదు. ఇల్లు గడవాలి. ముగ్గురు పిల్లలున్నారు. ఒకరోజు మధ్యాహ్నం ఫుఫూ ముద్ద తింటూ, గిన్నెలో చూస్తూ చెప్పింది.

"నువ్వు కొన్నాళ్లు రాకుండా ఉంటే బావుంటుందేమో."

"కొన్నాళ్లంటే?"

"నాకు తెలీదే. జనం మర్చిపోయేదాకా."

టివా చేయి కడుక్కుని, తన దువ్వెనలూ బ్రష్షులూ సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. ఆ మర్నాటి నుంచి దుఫియే టివా కుర్చీ బయటపెట్టి, వేచి ఉండేవాళ్లను కూర్చోబెట్టింది.

జబ్బు మాత్రం నయమైంది. మార్చిలో నర్సమ్మ పరీక్ష కాగితం చూసి నవ్వింది. "ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయమ్మా. గెలిచావు." టివా తలూపింది. "కళ్లు?" అని నర్సమ్మ అడిగింది. టివా లేచి సంచి భుజాన వేసుకుంది. "ఆ రోజే రమ్మన్నాను కదమ్మా," అంది నర్సమ్మ మెల్లగా.

ఏడాది పాటు ప్రతి పొద్దునా కిటికీ వెలుతురులో నాలుగు సవరాల ప్యాకెట్లు పరుచుకుని చూసింది. ఒకరోజు ఒకటి కొంచెం వెచ్చగా కనిపించినట్టనిపించి, చెప్పులు కూడా వేసుకోకుండా పక్క గదిలో అద్దెకుండే ఆమె దగ్గరికి పరిగెత్తింది. "ఇది ఎరుపే కదా? చెప్పు, ఎరుపే కదా?" ఆమె చూసి, నొచ్చుకుంటూ, "నలుపక్కా," అంది. డాక్టర్ చెప్పిన ఏడాది నిండాక పరచడం మానేసింది.

మా దగ్గర బడికెళ్లే ఆడపిల్లలు జుట్టు పెంచుకోకూడదు. బడి తెరిచే ముందు తలంతా పొట్టిగా గొరిగించుకోవాలి. టివా జుట్టు గొరిగే బ్యాటరీ మిషన్ ఒకటి కొనుక్కుని, సెకండరీ బడి గోడ పక్కన గొడుగు పాతుకుని కూర్చుంది. అక్కడ ఆవిడ ముఖం తెలిసినవాళ్లు తక్కువ. ఆ పనికి రంగు చూడక్కర్లేదు. వేళ్లతో తడిమితే చాలు, ఎక్కడ మిగిలిందో తెలిసిపోతుంది.

సెలవుల్లో పెంచుకున్న జుట్టుతో, సన్నజడలతో, కొందరు రంగు కూడా వేయించుకుని, అమ్మాయిలు వరసలో నిలబడతారు. చాలామంది ఏడుస్తారు. మొన్న ఒక పిల్ల కూర్చోగానే జడలు రెండు చేతులా పట్టుకుంది.

"అమ్మా, రంగేయించి పదిరోజులు కూడా కాలేదు. మా అక్క ఎంత బావుందన్నదో. ఒక్కసారి చూడండి, బావుంది కదా?"

టివా చూసింది. కింద దుమ్ములో అంతకుముందు రాలిన జుట్టు ఎలా ఉందో, ఆ పిల్ల తల మీదున్నదీ అలాగే ఉంది.

"బావుంది," అంది. "తల వంచు."

మిషన్ ఆన్ చేసి మెడ దగ్గర్నించి మొదలుపెట్టింది. వెనక వరసలో తల్లి ఒకామె, ఇంకా ఎంతసేపమ్మా, ఎండ ఎక్కుతోందని విసుక్కుంది.

"అయిపోతోంది," అంది టివా.